గోలకొండ దిడ్డి, సర్వరు తాళంచెవి

తాళంచెవి అనే మాటలో చెవి ఎక్కడిదని నేను పాఠం చెప్పే రోజుల్లో పిల్లలు అడుగుతుండేవారు. న్యాయమైన ప్రశ్నే. కన్నడిగులు బీగద కై అంటారు, అంటే తాళపు చేయి. మన తెలంగాణలో కూడా తాళంచెయ్యి, తాళంచేతులు అనేవారున్నారు. చేయి అంటే సమంజసంగానే ఉన్నది, తలుపు తీసేది చేయి కనుక. చెవితో తలుపు తీయడమేమిటి? సంస్కృతంలో కుంచిక ఉన్నది, దాని సంతానమే కుంజీ. మా పాతబస్తీలో కుంజీ కంటే చాబీ ఎక్కువగా వినిపిస్తుంది. ఈ చాబీ పోర్చుగీసువారి చావే నుండి పుట్టినది. తమిళుల సావి కూడా ఆ ఓడలోనే దిగినది. మన తాళం పక్కన చేరిన చెవి కూడా ఆ చావేయే అయి ఉంటుందనీ, పరదేశపు పదం నోట ఇమడక మనకు తెలిసిన అవయవంగా మారిపోయిందనీ నా ఊహ. భాషాశాస్త్రజ్ఞులైన మిత్రులు కాదంటే వాదించను. అయితే కాపలా కాసే వస్తువుకు చెవి అనే పేరు అమరడం నాకెంతో నచ్చింది. ఎందుకు నచ్చిందో ఈ వ్యాసం చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ఎక్కడో దూరాన, ఏ దేశంలోనో నడుస్తున్న సర్వరు అనే యంత్రంలోకి మనం ఇంట్లో కూర్చుని ప్రవేశించాలంటే, ఆ యంత్రం వాకిట్లో "నేను ఫలానా" అని ఋజువు చేసుకోవాలి. ఆ ఋజువు కోసం తాళంచెవులు తయారుచేసుకునే పద్ధతి ఒకటి ఉన్నది. దాని చరిత్ర చెప్పాలని కూర్చున్నాను. కానీ ఆ కథ ఫిన్లాండులో మొదలుపెట్టడానికి నాకు మనసొప్పడం లేదు. మా ఇంటికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో, మూడువందల ముప్ఫై ఎనిమిదేళ్ళు దాటిన ఒక తలుపు కథ ఉన్నది. ముందు అక్కడికి పోదాం.

1687 జనవరి చివర ఔరంగజేబు గోలకొండ ముందు దిగాడు. కోటకు 87 బురుజులు, 8 ద్వారాలు. లోపల అబుల్ హసన్ తానీషా. ఆయన మంత్రులు అక్కన్న మాదన్నలు అంతకు ముందటి ఏడే, 1686 మార్చిలో, హతులైనారు. (వారి పేర మా శాలిబండ హరిబౌలిలో గుడి ఉన్నది. బోనాలనాడు అటుగా వచ్చినవారు చూసే ఉంటారు.) ముట్టడి ఎనిమిది నెలలు సాగింది. ఢిల్లీ పాదుషా దగ్గర లేని ఆయుధం లేదు. ఫిరంగులు కోటగోడను కొట్టాయి, గోడ పడలేదు. జూన్ నెలలో గోడ కిందికి సొరంగాలు తవ్వించి మందు దట్టించారు. లోపలివారు ఎదురు సొరంగాలు తవ్వి కొంత మందు తీసివేసి, కొంత నీళ్ళతో తడిపివేశారు. నిప్పంటించేసరికి ఆ పేలుడు వెనక్కు తిరిగి మొగలు సైనికుల మీదనే పడింది. పైన వానలు, మూసీ పొంగు, కరవు, రోగాలు. ఆ మధ్యలోనే పాదుషా కొడుకు షా ఆలం తానీషాతో రహస్యంగా ఉత్తరాలు నడుపుతున్నాడని పట్టుబడి ఖైదైనాడు. కోట బయట ఉన్నవారికి కూడా ఇంటి గుట్టు నిలవలేదన్నమాట.

ఈ ముట్టడిలో నాకు మరపురాని ఘట్టం మే నెలలో ఒక రాత్రి జరిగింది. ఫిరోజ్ జంగ్ మనుషులు చీకట్లో నిచ్చెనలు వేసి గోడ ఎక్కారు. కొందరు పైకి చేరుకున్నారు కూడా. కావలివాళ్ళు నిద్రలో ఉన్నారు. ఆ సమయంలో గోడ మీద తిరుగుతున్న ఒక ఊరకుక్క కొత్త మనుషులను చూసి మొరిగింది. ఆ మొరుగుకు కావలివాళ్ళు లేచి, ఎక్కినవాళ్ళను తరిమి, నిచ్చెనలు లాగేశారు. తానీషా ఆ కుక్కకు బంగారు గొలుసు వేయించాడని చరిత్రకారులు నమోదు చేశారు. ఆస్థానంలో కవులకు దక్కిన సన్మానం ఊరకుక్కకు దక్కడం చూసి నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. ఆ రాత్రి కుక్క చేసిన పని ఏ పద్యమూ చేయలేదు.

ఇక లంచాలు. ఫిరంగులు చేయలేనిది బంగారం చేస్తుందని పాదుషాకు తెలుసు. కోటలోని సర్దారులకు ఒక్కొక్కరికే మన్సబులు ఆశ చూపుతూ ఉత్తరాలు వెళ్ళాయి. చాలామంది జారిపోయారు. అబ్దుర్ రజ్జాక్ లారీకి కూడా ఉత్తరం వచ్చింది. ఆయన దాన్ని బురుజు మీద నిలబడి తన మనుషులందరికీ చూపించి, ముక్కలు ముక్కలుగా చింపివేశాడు. అబ్దుల్లా ఖాన్ పనీ అనే అఫ్ఘాను సర్దారు చింపలేదు. అతను మొదట బీజాపూరు కొలువు విడిచి మొగలుల వైపు వచ్చినవాడు, తరువాత మొగలులను విడిచి గోలకొండ చేరినవాడు. అటువంటివానిని నమ్మి ఒక దిడ్డితలుపు కాపలా అప్పగించారు. సెప్టెంబరు 21 తెల్లవారుజామున మూడు గంటల వేళ అతను ఆ దిడ్డిని తీసి ఉంచాడు. రూహుల్లా ఖాన్ మనుషులు లోనికి వచ్చారు. లోపలివైపు నుండి పెద్ద ద్వారం తెరిచారు. ఆ ద్వారానికే విజేతలు పెట్టిన పేరు ఫతే దర్వాజా, జయద్వారం. ఎనిమిది నెలల పాటు చెక్కు చెదరని తలుపుకు ఆ పేరు పెట్టడంలో ఉన్న వ్యంగ్యం వారికి తట్టినట్టు లేదు.

అబ్దుర్ రజ్జాక్ జీను లేని గుర్రమెక్కి పన్నెండుమందితో ఎదురువెళ్ళాడు. ఒంటినిండా డెబ్బై గాయాలు. కళ్ళలోకి రక్తం కారి దారి కనబడక గుర్రం ఎటు తీసుకుపోతే అటు పోయాడు. బ్రతికాడు. ఆయన గాయాలకు వైద్యం చేయించినది ఔరంగజేబే.

తెలుగులో దిడ్డి అంటే పెద్ద తలుపులో గానీ గోడలో గానీ ఉండే చిన్న వాకిలి. ఉర్దూ మాటల్లో చెప్పాలంటే ఖిడ్కీ. మా హైదరాబాదు నగరానికి కూడా మొగలు సుబేదారు ముబారిజ్ ఖాన్ 1724 ప్రాంతంలో ప్రాకారం మొదలుపెడితే మొదటి ఆసఫ్ జా కాలంలో పూర్తి అయింది. దానికి దర్వాజాలూ ఉండేవి, ఖిడ్కీలూ ఉండేవి. 1908 మూసీ వరద కొంత, రోడ్లు వెడల్పు చేయడం కొంత, గోడను మింగివేశాయి. ఇప్పుడు దబీర్‌పురా దర్వాజా, పురానాపూల్ దర్వాజా మిగిలాయి. గౌలిపురా, లాల్ దర్వాజా, యాకుత్‌పురా అని మేము రోజూ పలికే పేర్లకు వెనుక ఒకప్పుడు తలుపులుండేవి. దబీర్ అంటే ఫారసీలో లేఖకుడు. ఆ కమాను కింద నుండి వెళ్ళినప్పుడల్లా, వ్రాతపనివాడి పేరు గల తలుపు మిగిలినందుకు నాకు కొంచెం సంతోషం.

దర్వాజా ముందు నిలబడినవాడు తానెవరో ఎలా నిరూపించుకోవాలి? మన సాహిత్యంలో దీనికి రెండు మార్గాలున్నాయి. సుందరకాండలో రెండూ కనిపిస్తాయి. హనుమ సీతమ్మకు రాముని ఉంగరం చూపించాడు. అది చేతిలో ఉన్న వస్తువు, ముద్రిక. తిరిగి వెళ్ళేటప్పుడు అమ్మ చూడామణి ఇచ్చి, దానితో పాటు కాకాసురుని వృత్తాంతం చెప్పింది. అది తమ ఇద్దరికి మాత్రమే తెలిసిన మాట. ఈ రెండో మార్గమే నేటి సంకేతపదం, అదే పాస్‌వర్డు. దానికొక బలహీనత ఉన్నది. చెప్పిన మరుక్షణమే అది మూడో మనిషికి తెలిసిపోతుంది. కాకాసురుని కథ హనుమకు తెలిసిపోయింది కదా. హనుమ కనుక ఫరవాలేదు.

గోలకొండ బాలాహిసార్ ద్వారం కమాను కింద చప్పట్లు కొడితే కొండ మీద వినిపిస్తుంది. చూడవచ్చినవారందరికీ మార్గదర్శకులు కొట్టి చూపిస్తారు. చెవులున్న ప్రతివాడూ ఆ చప్పట్లు విన్నాడు, విన్న ప్రతివాడూ రేపు అలాగే కొట్టగలడు. అంతర్జాలంలో 1990ల నాటి పద్ధతి ఇంచుమించు ఇదే. టెల్నెట్ అనే సాధనంతో దూరపు యంత్రంలో ప్రవేశించేవారు. మీ పేరు, మీ సంకేతపదం తీగల వెంట పోస్టుకార్డు మీద వ్రాసినట్టు బహిరంగంగా పోయేవి. దారిలో ఏ యంత్రం దగ్గరైనా ఒకడు చెవి ఒగ్గి కూర్చుంటే చాలు.

అలా ఒకడు కూర్చున్నాడు. 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం జాలంలో ఎవరో సంకేతపదాలు దొంగిలించే సాధనం పెట్టారు. అక్కడ పరిశోధకుడైన తాతు యూలోనెన్ ఆ సంఘటన తరువాత కొన్ని నెలలలోనే ఒక కొత్త ప్రోగ్రాము వ్రాశాడు. పేరు సెక్యూర్ షెల్, పొట్టిగా ఎస్.ఎస్.హెచ్. జులైలో ఉచితంగా అందరికీ పంచిపెట్టాడు. వాకిళ్ళకు అంకెలు కేటాయించేవారికి ఉత్తరం వ్రాసి 22వ సంఖ్య అడిగి తీసుకున్నాడు. 21 ఫైళ్ళ రవాణా వాకిలి, 23 టెల్నెట్ వాకిలి, మధ్యలో 22 ఖాళీగా ఉన్నది. పాత రెండు తలుపుల మధ్య కొత్త తలుపు! 1999లో ఓపెన్ బీఎస్‌డీ బృందంవారు దీనికి స్వేచ్ఛాప్రతిని తయారుచేశారు. ఓపెన్ ఎస్.ఎస్.హెచ్. అనే ఆ ప్రతే నేడు ప్రపంచంలోని సర్వర్ల వాకిళ్ళలో చాలావరకు కాపలా కాస్తున్నది.

ఇందులో ముచ్చటైన సంగతి తాళంచెవుల జంట. మామూలు తాళానికి ఒక చెవి, దానితోనే వేస్తాం, దానితోనే తీస్తాం. ఇక్కడ రెండు. ఒకటి ప్రైవేటు కీ, అది మన పెట్టె దాటి బయటికి రాకూడదు. రెండవది పబ్లిక్ కీ, దాన్ని చార్మినారు మీద అతికించినా నష్టం లేదు. మొదటిదానితో వేసిన ముద్రను రెండవదానితో సరిచూడవచ్చు. కానీ రెండవది చేతిలో ఉన్నంతమాత్రాన ఆ ముద్ర వేయలేరు. ముద్ర అచ్చు అందరూ చూశారు, ఉంగరం మాత్రం వేలికే ఉన్నది అన్నట్టు.

ఇది ఎలా సాధ్యమని నా సహాధ్యాయి ఒకాయన, ఆయన లెక్కల మాస్టారు, ఒక పూట చెప్పాడు. 83ను 97తో హెచ్చవేయమంటే అయిదో తరగతి పిల్లవాడు 8051 అని పలక మీద వేస్తాడు. 8051 ఇచ్చి ఏ రెండింటి లబ్ధమో చెప్పమంటే పెద్దవాళ్ళం తల గోక్కుంటాం. పోవడం సులువు, రావడం కష్టం. సంఖ్యలో వందల అంకెలుంటే రావడం ఇంచుమించు అసాధ్యం. 1976లో డిఫీ, హెల్‌మన్ అనే ఇద్దరు ఈ జంట తాళంచెవుల ఆలోచనను లోకానికి ప్రకటించారు. 1977లో రివెస్ట్, షమీర్, ఆడెల్మన్ అనే ముగ్గురు పై లెక్కతో దాన్ని సాధించి చూపారు. ఆ ఏడాదే వారు 129 అంకెల సంఖ్య ఒకటి ఇచ్చి విడదీయమని సవాలు విసిరితే, 1994 వరకు అది విడిపోలేదు. ఈ కథకు ఒక పూర్వకథ కూడా ఉన్నది. ఇంగ్లండు ప్రభుత్వ గూఢలిపి శాఖలో జేమ్స్ ఎల్లిస్ 1970లోనే ఈ ఊహ చేశాడు. క్లిఫర్డ్ కాక్స్ 1973లో లెక్క కట్టాడు. రహస్యశాఖ కనుక నోరు మెదపలేదు. 1997 డిసెంబరులో ఆ సంగతి బయటపడింది, అప్పటికి ఎల్లిస్ కన్నుమూసి కొద్ది వారాలే అయింది. తాళంచెవిని బహిరంగం చేయవచ్చునని కనిపెట్టినవాడు ఆ మాటే బహిరంగం చేయలేకపోయాడు.

మన ఊరికి ఇందులో వాటా లేకపోలేదు. రిజర్వు బ్యాంకు 1996లో మాసబ్ ట్యాంకు దగ్గర నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ, 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం కింద అనుమతి పొంది, ఈ జంట తాళంచెవుల మీద ఆధారపడిన డిజిటల్ సంతకాల ధ్రువపత్రాలను బ్యాంకులకు జారీచేసింది. మూసీకి ఇవతల చేతి సంతకాలు సరిచూసుకుంటూ పింఛను తీసుకునే మాబోటివాళ్ళకు, అవతల జరుగుతున్న ఈ పని తెలియదు.

ఇక నా విషయం. మా అయిదుగురు మిత్రులం, అందరం తెలుగు పండితులుగా పనిచేసి విరమించినవాళ్ళం, ముద్రణలో లేని పాత శతకాలు, స్థలపురాణాలు, పిల్లల ఆటపాటలు ఎవరికి దొరికినవి వారు యూనికోడులో టైపు చేసి ఒకచోట పెడుతూ వచ్చాం. మొదట పెట్టిన ఉచిత గూడు ఒకరోజు మూతబడింది. ముందుగా ఇచ్చిన గడువు మాలో ఎవరికీ చేరలేదు. రెండేళ్ళ శ్రమలో సగం పోయింది. ఆ తరువాత తలా కొంత వేసుకుని ఒక చిన్న సర్వరు అద్దెకు తీసుకున్నాం. నా పూర్వవిద్యార్థి ఒకడు, ఇప్పుడు మాదాపూరులో ఉద్యోగి, ఆదివారం వచ్చి దానికి తాళంచెవులు ఏర్పాటుచేసి పెట్టాడు.

"అందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెడితే పోదా నాయనా?" అన్నాను.

"వద్దు సార్. ఒకరు కాగితం మీద రాసి గోడకు అతికిస్తే అయిదుగురి పనీ అయిపోతది. ఎవరి చాబీ వారికే ఉండాలె" అన్నాడు.

వాడు చేసిన పని చూస్తే పెద్ద తతంగమేమీ కాదు. ఎస్.ఎస్.హెచ్. కీజెన్ అనే ఆజ్ఞ ఇచ్చాడు. రకం ఏది కావాలని ఆలోచించి, ఎడ్ 25519 అనే కొత్త రకం ఎంచుకున్నాడు. ఇది హెచ్చవేతల లెక్క కాదు, వక్రరేఖల లెక్క, 2014 నుండి ఓపెన్ ఎస్.ఎస్.హెచ్.లో ఉన్నది, తాళంచెవి చాలా పొట్టిది. అప్పుడు రెండు ఫైళ్ళు పుట్టాయి, చివర పబ్ అని ఉన్నది లోకానికి, లేనిది మనకు. మనది దాచుకునే పెట్టెకు కూడా ఒక వాక్యం తాళంగా పెట్టమన్నాడు. యంత్రం ఎవరైనా ఎత్తుకుపోయినా ఆ వాక్యం తెలియనిదే లోపలి చెవి పనికిరాదు. నేను ఒక సంస్కృత సమాసం పెట్టుకున్నాను. విరిచి చెప్పను. తాళంచెవి పుట్టగానే తెర మీద చుక్కలూ గీతలతో చిన్న బొమ్మ వచ్చింది. తాళంచెవి వేలిముద్రను కంటితో గుర్తుపట్టడానికట. మా వాకిట్లో చుక్కల ముగ్గులాగే ఉన్నది. మా ఆవిడ చూసి, చుక్కలు సరిపోలేదన్నది.

తరువాత లోకానికి ఇచ్చే చెవిని సర్వరులో ఒక ఫైలులో ఒక వరుసగా చేర్చాడు. ఆథరైజ్డ్ కీస్ అని ఆ ఫైలు పేరు. నాకు అది వెంటనే అర్థమైంది, అది హాజరుపట్టీ. ఒక్కొక్కరికి ఒక్కొక్క వరుస. ఒకరి పేరు కొట్టివేస్తే మిగతావారికి ఏ ఇబ్బందీ లేదు. ఒకటే సంకేతపదమైతే ఒకరు వెళ్ళిపోయిన రోజున అందరూ కొత్తది నేర్చుకోవాలి. చివరగా సర్వరులో సంకేతపదంతో ప్రవేశాన్నే మూసివేశాడు. ఆ ముక్క మరిచిపోతే పెద్ద తలుపుకు గొళ్ళెం పెట్టి దిడ్డి తెరిచి ఉంచినట్టే అన్నాడు. తాను గోలకొండ చరిత్ర చెబుతున్నానని వాడికి తెలియదు.

అసలు ప్రవేశం ఎలా జరుగుతుందంటే, మనం వాకిట్లో నిలబడిన ప్రతిసారీ రెండు యంత్రాలూ కలిసి ఆ క్షణానికి మాత్రమే చెల్లే ఒక గుర్తును తయారుచేసుకుంటాయి. మన యంత్రం ఆ గుర్తు మీద తన ప్రైవేటు కీతో ముద్ర వేసి పంపుతుంది. సర్వరు హాజరుపట్టీలోని వరుసతో సరిచూసి లోనికి రమ్మంటుంది. దారిలో ఎవరు విన్నా రేపటికి అది పనికిరాదు, రేపటి గుర్తు వేరు. చప్పట్ల పద్ధతికీ దీనికీ భేదం అదే. ఇంకొక మర్యాద కూడా ఉన్నది. మొదటిసారి వెళ్ళినప్పుడు సర్వరు కూడా తన వేలిముద్ర చూపిస్తుంది. నిజమైన వాకిలి ముందే నిలబడ్డామా అని మనం చూసుకోవాలి. చాలామంది చూడకుండా సరే అంటారు. కచేరీలో చదవకుండా నిశానీ వేసే అలవాటు మనకు పాతదే.

అయితే తాళంచెవి పోతే? పండితుడిని కనుక నాకు వెంటనే ముద్రారాక్షసం గుర్తుకువస్తుంది. రాక్షసమంత్రి బుద్ధిమంతుడు, స్వామిభక్తుడు. చాణక్యుడు అతన్ని కత్తితో గెలవలేదు. చారుడు తెచ్చి ఇచ్చిన రాక్షసుని ఉంగరంతో ఒక ఉత్తరానికి ముద్ర వేయించాడు. ఆ ముద్ర అబద్ధం కాదు, ఉంగరం నిజమైనదే, అందుకే అందరూ నమ్మారు. విశాఖదత్తుడు నాటకానికి ఆ ఉంగరం పేరే పెట్టాడు.

ఉంగరం దొంగిలించనక్కర లేకుండానే లక్షల ఉంగరాలు చెల్లనివైన సంగతి ఒకటి జరిగింది. డెబియన్ అనే వ్యవస్థలో 2006లో ఎవరో శుభ్రం చేసే ఉద్దేశంతో రెండు పంక్తులు తీసివేశారు. అవి యాదృచ్ఛికత్వాన్ని పుట్టించే పంక్తులు. పాచికలు వేసినట్టు కనబడుతున్నది గానీ, ఆ తరువాత పుట్టిన తాళంచెవులన్నీ ఒక్కొక్క రకానికి 32,767 నమూనాలలోవే. అన్ని చెవులూ చేసి పెట్టుకుని ఒక్కొక్కటే ప్రయత్నించడం యంత్రానికి చిటికెలో పని. 2008 మే నెలలో లూచియానో బెల్లో కనిపెట్టి చెప్పేవరకు, దాదాపు రెండేళ్ళు, ఎవరికీ తెలియలేదు. తాళం కప్ప మెరుస్తూనే ఉన్నది మరి.

కానీ నేను ఈ వ్యాసం వ్రాయడానికి కారణమైనది 2024 నాటి సంఘటన. చదువుతుంటే నాకు వరుసగా గోలకొండ పాత్రలే కనబడ్డాయి.

ఫైళ్ళను కుదించే ఎక్స్ జెడ్ అనే చిన్న పనిముట్టు ఒకటి ఉన్నది. దాన్ని ఏళ్ళ తరబడి ఉచితంగా పోషిస్తున్నవాడు లాసే కొలిన్, ఆయనా ఫిన్లాండువాడే. ఒంటరివాడు, అలసిపోయినవాడు. 2021 చివర నుండి జియా టాన్ అనే పేరుతో ఒకరు సాయానికి వచ్చారు. ఓపికగా, వినయంగా, నెలల తరబడి మంచి పని చేశారు. ఇంతలో వేరే పేర్లతో కొందరు, పని ఆలస్యమవుతున్నదనీ, మరొకరికి బాధ్యత ఇవ్వమనీ కొలిన్‌ను వేధించారు. చివరికి జియా టాన్‌కు కాపలా అప్పగింపబడింది. ఆ పేరు వెనుక ఉన్నది ఎవరో ఇప్పటికీ తేలలేదు. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన 5.6.0, 5.6.1 ప్రతులలో రహస్యంగా ఒక దిడ్డి పెట్టబడింది. ఎస్.ఎస్.హెచ్. గోడ చెక్కుచెదరలేదు. కొన్ని లినక్సు వ్యవస్థలలో ఎస్.ఎస్.హెచ్. మరొకదాని ద్వారా ఈ చిన్న పనిముట్టును వెంట తెచ్చుకుంటుంది, ఆ దారిలో దిడ్డి. దానికీ ఒక ప్రైవేటు కీ ఉన్నది, అది వారి దగ్గరే. ఆ చెవి ఉన్నవారు హాజరుపట్టీలో పేరు లేకుండానే లోనికి వచ్చి, ఇంటి యజమాని ఇచ్చినట్టే ఆజ్ఞలు ఇవ్వవచ్చు. ఆ ప్రతులు ఇంకా ప్రయోగదశలోని వ్యవస్థలకే చేరాయి. కొద్ది నెలలు గడిస్తే లోకమంతటా ఎన్ని వాకిళ్ళకు పాకేవో.

అప్పుడు ఒక కుక్క మొరిగింది. అలా అన్నందుకు ఆయన నొచ్చుకోకూడదు, నేను గౌరవంగానే అంటున్నాను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు వేరే ఏదో వేగం కొలుచుకుంటున్నాడు. ఎస్.ఎస్.హెచ్. ప్రవేశం ఇంతకు ముందు కంటే అర సెకను ఆలస్యమవుతున్నట్టు గమనించాడు. అర సెకను! మనం రెప్ప వేసి తీసేంత. పోనీలే అని ఊరుకోక తవ్వుకుంటూ పోయి దిడ్డిని పట్టుకున్నాడు. మార్చి 29న లోకానికి చాటాడు. రెండేళ్ళకు పైగా పట్టిన వ్యూహం ఒక్క రోజులో కూలింది. ఆయన భద్రతాశాస్త్రంలో నిపుణుడనని చెప్పుకోలేదు కూడా.

మా విద్యార్థిని ఫోనులో అడిగాను, మన సర్వరు మాట ఏమిటని. పాత స్థిరమైన ప్రతి కనుక ఆ దిడ్డి మన దాకా రాలేదని చెప్పాడు. సరే అన్నాను. అయినా ఆ రాత్రి కూర్చుని హాజరుపట్టీ తెరిచి, అయిదు వరుసలూ ఎవరివో ఒక్కొక్కటే మిత్రులతో ఫోనులో సరిచూసుకున్నాను. వేలిముద్ర అక్షరాలు వారు చదివితే నేను వేలు పెట్టి చూశాను. ఒకాయనకు కంటి శస్త్రచికిత్స అయింది, మనవరాలు చదివి వినిపించింది. అప్పటినుండి ఉగాదికీ దసరాకూ అలాగే చూసుకుంటున్నాం.

కిందటి శీతాకాలంలో ఆ అయిదుగురిలో పెద్దాయన కాలం చేశారు. స్థలపురాణాలలో సగానికి పైగా ఆయన టైపు చేసినవే. పదమూడవ రోజున వెళ్ళినప్పుడు ఆయన కంప్యూటరు గురించి అడిగాను. పాతది కదండీ, మార్పిడికి ఇచ్చివేశాం అన్నాడు కొడుకు. తప్పేమీ లేదు, ఇంట్లో అది వాడేవారు లేరు. ఆయన ప్రైవేటు కీ ఆ పెట్టెలోనే ఎటో వెళ్ళింది. దానికి ఆయన పెట్టుకున్న వాక్యం ఏమిటో మాకు తెలియదు. ఏదో పోతన పద్యపాదమే అయి ఉంటుందని మా నలుగురి అనుమానం, ఆయన మాట్లాడితే పోతనే. పోతన పద్యం తెలిసినవాళ్ళు ఈ నగరంలో తక్కువేం కాదు.

ఇంటికి వచ్చి ఫైలు తెరిచాను. ఆయన వరుస మూడవది. చివర ఆయన పేరు, ఆయన ఊరి పేరు, తానే వ్రాసుకున్నవి. మొదట ఆయన టైపు చేసిన పుటలన్నీ వేరొకచోటికి నకలు తీసి, విప్పి, అక్షరాలు సరిగ్గా వచ్చాయో లేదో చూశాను. తరువాత ఆ వరుసను తొలగించి భద్రపరిచాను. ఇప్పుడు హాజరుపట్టీలో నాలుగు వరుసలున్నాయి. మా పాత బడిలో సంస్కృతం చెప్పే యువకుడొకడు స్థలపురాణాల పని తాను పూర్తిచేస్తానంటున్నాడు. తాళంచెవి ఇంకా ఇవ్వలేదు. ముందు రెండు మూడు పురాణాలు టైపు చేసి పంపమన్నాను.